గీతలు లేని పేజీ

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షాపులు తెరవరు. దించిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా ప్లాస్టిక్ పట్టాలు పరిచి పాత పుస్తకాలు గుట్టలు పోస్తారు. నాంపల్లి నుంచి నడుచుకుంటూ వచ్చి, జీపీఓ దగ్గర మొదలుపెట్టి, నడుం పట్టేసేదాకా ఒంగి ఒంగి వెతికి, ఎండ నెత్తికెక్కాక ఇంటిదారి పట్టడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. మొన్న ఆదివారం ఎంసెట్ గైడ్ల కింద నలిగిన ఒక పిల్లల బొమ్మల పుస్తకం చేతికి తగిలింది. డిస్నీ వాళ్ల ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్’ సినిమా కథ. అట్ట సగం ఊడింది, మధ్యలో పిన్నులు తుప్పు పట్టి కాగితానికి ఎర్రటి మరక చేశాయి. 30 రూపాయలన్నాడు, ఇచ్చేశాను. బేరమాడాలని తోచలేదు, ఎందుకంటే అప్పటికే లోపలి పేజీలు చూశాను. ఎవరో పిల్లో పిల్లవాడో బాల్‌పెన్నుతో ఆ కథలోని దుర్మార్గుడు ఫ్రోలో ముఖాన్ని గీకి పారేశారు. ఒక్క బొమ్మలో కాదు, ఫ్రోలో ఉన్న ప్రతి బొమ్మలోనూ. గుర్రం మీద ఉన్నా, గంటల గోపురంలో ఉన్నా, చివరికి దూరంగా వేలెడంత ఉన్నా వదల్లేదు. ఒకచోట పెన్ను మొన ఎంత గట్టిగా దిగిందంటే కాగితం చిరిగి వెనక పేజీలోని ఆకాశం కనిపిస్తోంది.

ఒక్క పేజీ మాత్రం శుభ్రంగా ఉంది. జాతర పేజీ. గూని క్వాసిమోడోను తాళ్లతో చక్రానికి కట్టేసి ఊరి జనం టమాటాలు విసురుతుంటారు. ఆ బొమ్మలో ఫ్రోలో లేడు, కాబట్టి పెన్నుకు పని పడలేదు. అంతే కావచ్చు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ పేజీ నన్ను వదల్లేదు. పప్పులో పోపు వేస్తున్నా అదే ఆలోచన. కథ మొత్తంలో క్వాసిమోడోకు ఒంటి మీద దెబ్బ పడే చోటు అది. అంత కోపమున్న చెయ్యి అక్కడ ఎందుకు ఆగింది? అక్కడ ముప్పై నలభై ముఖాలున్నాయి, అన్నీ నవ్వుతున్నాయి. ఎవరి ముఖమని గీకుతుంది? నవ్వే ముఖాలు చెడ్డ ముఖాల్లా కనిపించలేదా? లేక ఆ పిల్ల కూడా ఎప్పుడో అలా నవ్వి ఉందా? పోనీ, ఒక పాత పుస్తకం మీద గీతల్ని చూసి ఎవరో తెలియని పిల్ల మనసు చదవబోవడం ఎంతవరకు న్యాయం?

నేను ఆ సినిమా చూసింది 1998లో, పదేళ్ల వయసులో. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. నాన్న స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. సెలవుల్లో రోజుకింతని వీసీఆర్, నాలుగు క్యాసెట్లు అద్దెకు తెచ్చేవారు, పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా పిన్ని పిల్లలతో కలిసి వరసపెట్టి చూసేవాళ్లం. ఇంగ్లిష్ సినిమా అంటే మాటలు అర్థమయ్యేవి కావు. కాన్వెంట్‌లో చదివే మా అన్న ఒక్కో ముక్కా తెలుగులో చెప్పేవాడు, సగం వాడు కల్పించిందే. ఆ సినిమా గురించి అడిగితే నిన్నమొన్నటి దాకా మూడే చెప్పేదాన్ని: పెద్ద పెద్ద గంటలు, నిప్పు, ఆ నిప్పులో పడిపోయే ముసలాయన. నిప్పు బాగా గుర్తు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ గ్యాస్ పొయ్యి వెలిగిస్తే ఆ నీలిమంటలో ఎవరైనా ఆడుతున్నారేమోనని చూసేదాన్ని. టమాటాలు మాత్రం గుర్తు లేవు. బొమ్మల పుస్తకం తెరిచేదాకా అలాంటి సీను ఉందనే నాకు తెలియదు.

అందుకే ఆ రాత్రి మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని సినిమా మళ్లీ పెట్టాను. దానికి ఎనిమిదేళ్లు. 1996లో వచ్చిన సినిమా, చేత్తో గీసిన బొమ్మల కాలం. అంతకు అయిదేళ్ల ముందు ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ తీసిన గ్యారీ ట్రౌస్‌డేల్, కిర్క్ వైజ్ దీనికీ దర్శకులు. సంగీతం ఆలన్ మెంకెన్, పాటలు స్టీఫెన్ ష్వార్ట్జ్. అమెరికాలో దీనికి ఏ వయసు పిల్లలైనా చూడొచ్చునని సర్టిఫికెట్ ఇచ్చారు. మొదటి అయిదు నిమిషాల్లోనే నాకు పక్కనున్న పాప చెయ్యి పట్టుకోవాలనిపించింది. మంచు రాత్రి, చంటిపిల్లాడిని పొదువుకుని ఒక తల్లి పరిగెడుతుంది, గుర్రం మీద న్యాయాధికారి ఫ్రోలో తరుముతాడు. చర్చి మెట్ల మీదే ఆమె ప్రాణం పోతుంది. మూట విప్పి పిల్లాడి వంకర ముఖం చూసిన ఫ్రోలో వాణ్ణి బావిలో వెయ్యబోతాడు. చర్చి పెద్ద అడ్డుపడి, గోడల మీది రాతి విగ్రహాల కళ్లన్నీ నిన్నే చూస్తున్నాయి అన్నట్టు నిలదీస్తాడు. భయపడి ఫ్రోలో ఆ పిల్లాణ్ణి పెంచుతాడు, గంటల గోపురంలో, ఎవరి కంటా పడకుండా. ఆ తల్లి జిప్సీ. వాళ్ల భాషలో రెండుని ‘దుయ్’ అంటారు, మూడుని ‘త్రిన్’ అంటారు. వెయ్యేళ్ల నాడు మన దేశం నుంచి కదిలిపోయిన జనమని భాష చూసే చెప్పారు పండితులు. పారిస్ మంచులో పడి చచ్చిపోయిన ఆ తల్లి మన లంబాడా తండాల మనిషిలాగే కనిపించింది నాకు.

ఈ కథంతా ఒక బొమ్మలాటవాడు చెబుతాడు. చిన్న బండిలో తెర కట్టి, చేతికి బొమ్మలు తొడుక్కుని, చుట్టూ మూగిన పిల్లలకు. చిన్నప్పుడు దాన్ని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే మన తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. కదిలే బొమ్మలు, వెనక పాట, ముందు చాపల మీద ఇంటిల్లిపాదీ. ఆ లెక్కన పిల్లాపెద్దా కలిసి చూసే పాటల బొమ్మల కథ మనకు కొత్తదేం కాదు. అందులో మాత్రం చావులు లేవా? అభిమన్యుడు చస్తాడు, ఇంద్రజిత్తు చస్తాడు, తోలు మీద పూసిన ఎరుపు దీపం వెలుగులో ఇంకా ఎర్రబడుతుంది. మధ్యమధ్య కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. ఇది గుర్తొచ్చాక నా ఫిర్యాదు ఒకటి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సినిమాలో క్వాసిమోడోకు తోడుగా మాట్లాడే రాతి బొమ్మలు మూడుంటాయి, హాస్యానికి. అంత బరువైన కథలో అవెందుకని చిరాకు పడ్డాను. పాప మాత్రం వాటిని చూసి పడీపడీ నవ్వింది, నవ్వి ఊపిరి తీసుకుని మళ్లీ చీకట్లోకి వచ్చింది. కేతిగాణ్ణి తెర మీదికి పిలిచిన మన పెద్దలకు తెలిసిన సంగతే ఆ సినిమా తీసినవాళ్లకూ తెలిసినట్టుంది. అయినా రెండు బొమ్మలు తగ్గించి ఉంటే బాగుండేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

నిప్పు పాట వచ్చింది. ఫైర్‌ప్లేస్ ముందు ఫ్రోలో ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఎస్మెరాల్డా మీద కోరిక పుట్టింది, ఆ కోరికకు తప్పు ఆమెదేనంటాడు, తనదవ్వాలి లేదా తగలబడాలంటాడు. మంటలో ఆమె ఆకారం ఆడుతుంది, ఎర్ర ముసుగుల న్యాయమూర్తులు గోడల పొడుగునా లేస్తారు. పిల్లల సినిమాలో ఇంతకంటే చీకటి పాట నేను చూడలేదు. పెద్దయ్యాక ఇందులో ఉన్న మాట పూర్తిగా తెలుస్తుంది: తన లోపలి బురదకు ఎదుటి ఆడదాన్ని బాధ్యురాలిని చేసే మగవాడు. పాపను ఓరకంట చూశాను. అది భయపడలేదు. “వీడు పిచ్చోడు” అని తేల్చేసి మరమరాలు తింటోంది. ఆ బొమ్మల పుస్తకంలోని పెన్ను కూడా ఇలాగే తేల్చేసి ఉంటుంది. దుర్మార్గుడు ఎవరో తెలిశాక పిల్లలకు ధైర్యం వస్తుంది కాబోలు.

అంతకుముందు వచ్చిన జాతర సీను దగ్గర మాత్రం పాప నమలడం ఆపింది. వేషాల పండగ అది, ఊళ్లో అందరికంటే వికారమైన ముఖానికి కిరీటం పెడతారు. ముసుగులు లాగుతూ లాగుతూ క్వాసిమోడో దగ్గరకొచ్చి, అది ముసుగు కాదు, ముఖమేనని తెలిసి ఒక్క క్షణం జనమంతా బిగుసుకుపోతారు. తర్వాత ఎత్తుకుంటారు, కిరీటం పెడతారు, జేజేలు కొడతారు. గోపురం దిగి మొదటిసారి మనుషుల్లోకి వచ్చినవాడు, వాడి ముఖం వెలిగిపోతుంది. అప్పుడు ఒక సైనికుడు, ఇప్పుడు చూడు ఎంత అందంగా ఉంటాడో అన్నట్టు, ఒక టమాటా విసురుతాడు. రెండోది ఇంకో సైనికుడు. మూడోది ఎవరు? అక్కడి నుంచి లెక్క ఉండదు. జేజేలు కొట్టిన గొంతులే, అవే చేతులు. ఫ్రోలో అక్కడే ఆసనం మీద కూర్చుని ఉంటాడు, కాపాడమని వాడు పిలుస్తుంటే చూస్తూ ఊరుకుంటాడు. ఎస్మెరాల్డా ఒక్కతే మెట్లెక్కి వాడి ముఖం తుడుస్తుంది, తాళ్లు కోస్తుంది. ఇంత పెద్ద సీను నా జ్ఞాపకంలోంచి ఎలా జారిపోయింది? ఆ వేళ నీళ్లు తాగడానికి లేచి వెళ్లానా? మా అన్న ముందుకు తిప్పేశాడా? ఏమీ కాదని నాకు తెలుసు.

నేను ఆ సినిమా చూసిన ఏడాదే, దసరా ముందు నాన్న నన్ను బట్టలు కొనడానికి ఆబిడ్స్ తీసుకెళ్లాడు. ఒక బట్టల దుకాణం ముందు జోకర్ వేషంలో ఒక పొట్టి మనిషిని నిలబెట్టారు. నా ఎత్తే ఉంటాడు, వయసు మాత్రం మా నాన్న వయసు. ముఖానికి తెల్ల రంగు, చెమట కారి ఆ రంగులో సన్నటి చారలు పడ్డాయి. ఎర్ర ప్లాస్టిక్ ముక్కు, దాన్ని చెవుల వెనక్కి కట్టిన ఎలాస్టిక్. ఎడమకాలి హవాయి చెప్పు బద్దీ తెగితే పిన్నీసుతో బిగించుకున్నాడు. నా కళ్ల ఎదురుగానే ఉంది కాబట్టి ఆ పిన్నీసు బాగా గుర్తు. వచ్చే పోయే పిల్లలకు చెయ్యిస్తూ, అందరినీ లోపలికి పిలుస్తున్నాడు. నలుగురు కుర్రాళ్లు మక్క కంకులు తింటూ వచ్చారు. ఒకడు ఆయన టోపీ లాగాడు. జనం మూగారు, నవ్వారు, ఆయనా నవ్వాడు. ఇంకొకడు తినేసిన మక్క బెండు విసిరాడు. అది చెవికి తగిలి ముక్కు ఊడి ఎలాస్టిక్‌కు వేలాడింది. ఆయన ముక్కు సర్దుకుని, ఒంగి అందరికీ సలాం చేశాడు. అప్పుడు ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న చెయ్యి పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, అందరికంటే గట్టిగా నవ్వాను. సలాం చేసి తలెత్తినప్పుడు ఆయన చూపు జనం మీదుగా వెళుతూ నా దగ్గర ఆగింది. ఆగిందా? అంతమందిలో ఒక పిల్ల ఆయనకు కనిపించే ఉండదు. కానీ ఇరవై ఆరేడేళ్లుగా ఆ చూపు నా మీదే ఆగి ఉంది. గులాబీ రంగు గౌను కొన్నారు ఆ రోజు. ఒక్కసారి కూడా ఇష్టంగా వేసుకోలేదని అమ్మ చాన్నాళ్లు సాధించింది.

ఇంటికి పోయాక నాయినమ్మకు చెప్పాను, తమాషా చూసినట్టే చెప్పాను. ఆమె బీడీ ఆర్పేసి, “నువ్వు గూడ నవ్వినవా బిడ్డా?” అని అడిగింది. తలూపాను. “ఊఁ” అంది, అంతే. కొట్టలేదు, తిట్టలేదు. చాలాసేపటికి లవకుశ సంగతి ఎత్తింది. 1963లో ఆ సినిమా వచ్చినప్పుడు ఊరివాళ్లతో కలిసి వరంగల్ పోయి చూసొచ్చిందట. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. తండ్రి సి. పుల్లయ్య మొదలుపెట్టిందాన్ని కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశాడు. ఘంటసాల సంగీతానికీ లీల, సుశీల పాటలకూ ఇళ్లకు తాళాలు వేసి జనం బండ్లు కట్టుకుని పోయారని మా ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. నాయినమ్మ చెప్పింది మాత్రం వేరే: “రేలంగి, గిరిజ కొట్లాడుకుంటుంటె హాలంత ఒకటే నవ్వుడు. నేను గూడ కండ్లల్ల నీళ్లు వచ్చేదాంక నవ్విన. ఆ ముచ్చటే గద బిడ్డా రాముడి చెవిల పడ్డది. సీతమ్మను అడివిల ఇడిసినంక మేమే ఏడిసినం. అప్పుడు నవ్వింది గూడ మేమే.”

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే లవకుశలో దుర్మార్గుడు లేడు. రావణుడు ఎప్పుడో చచ్చిపోయాడు. రేలంగి వేసిన ఆ చాకలివాడు దుర్మార్గుడా? తాగిన మైకంలో పెళ్లాం మీద నోరు పారేసుకున్న మామూలు మనిషి. ఊరు ఆ మాటను అందుకుంది, నిండుచూలాలు అడవి పాలైంది. లోకులు కాకులని మనకో సామెత ఉంది. అనేటప్పుడు ప్రతివాడూ తనను తప్పించుకునే అంటాడు. ఆ సినిమాకు పిల్లల్ని తీసుకుపోవద్దని ఎవరూ అనలేదు. చివర భూమి చీలి తల్లి అందులోకి దిగిపోతుంటే లవకుశులతో పాటు హాల్లోని పిల్లలంతా ఏడ్చారు. ఊరడింపు ఏమీ చూపించకుండానే ఇంటికి పంపారు.

ఈ గూనివాడి కథ రాసిన విక్టర్ హ్యూగో మనకు ‘బీదలపాట్లు’ ద్వారా తెలుసు. 1950లో దాన్ని సినిమాగా తీస్తే అందులో ముఖ్యపాత్ర చిత్తూరు నాగయ్యది. పదమూడేళ్ల తర్వాత లవకుశలో సీతకు ఆశ్రయమిచ్చిన వాల్మీకీ ఆయనే. గూనివాడి కథను హ్యూగో 1831లో రాశాడు. ఆ నవల కూడా నాకు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదే దొరికింది, ఇంగ్లిష్‌లో, చివరి పేజీలు చెదలు తిన్నది. కథ 1482 జనవరి 6న, వెర్రివాళ్ల పండగ రోజున మొదలవుతుంది. ఆ రోజు కిరీటం, మర్నాడు శిక్షా చక్రం మీద కొరడా దెబ్బలు. దాహం అని క్వాసిమోడో అరిస్తే జనం విరగబడి నవ్వుతారు. ఒకడు మురికి కాలువలో ముంచిన స్పాంజ్ ముఖాన కొడతాడు, ఒక ఆడమనిషి రాయి విసురుతుంది. నవలలో జనం విసిరే మొదటి రాయికి సైనికుడు అక్కర్లేదు. సినిమా తీసినవాళ్లు ఆ మొదటి టమాటాను ప్రభుత్వం మనిషి చేతికి ఇచ్చి జనాన్ని కాస్త కాపాడారు. ఇది నాకు నచ్చలేదు. మక్క బెండు విసిరిన కుర్రాడు ఎవరి సైనికుడూ కాదు. నవలలో ఎస్మెరాల్డాను ఉరి తీస్తారు. ఏడాదిన్నరకో రెండేళ్లకో శవాల కొట్టులో రెండు అస్థిపంజరాలు దొరుకుతాయి, ఒకటి ఇంకోదాన్ని వాటేసుకుని ఉంటుంది, విడదీయబోతే గూని ఎముకలు పొడైపోతాయి. ఆ పేజీలు చెదలు తిన్నందున నేను వేరే ప్రతి వెతుక్కుని చదవాల్సి వచ్చింది.

సినిమా అలా వదలదు. ఎస్మెరాల్డా బతుకుతుంది, ఫ్రోలో మంటల్లో పడతాడు, క్వాసిమోడో చర్చి తలుపు దాటి వెలుగులోకి వస్తాడు. జనం నిశ్శబ్దంగా నిలబడతారు. ఒక చిన్నపిల్ల ముందుకొచ్చి వాడి ముఖం తాకుతుంది, వాటేసుకుంటుంది. ఇంకేం, జనం వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటారు. మొదట ఎత్తుకున్నట్టే. అక్కడ నాకు గుండె గుబేల్మంది. ఎవరూ తప్పయిందని అనరు. రేపు ఇంకో టమాటా లేస్తే? అలాగని ఆ పిల్ల చెయ్యిని కథలోంచి తీసేయమనగలనా? తీసేయమనలేను. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం అదే నోటర్ డామ్ పైకప్పు తగలబడి శిఖరం కూలుతుంటే పారిస్ వీధుల్లో జనం మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన గీతాలు పాడారు. టీవీలో చూస్తూ నేనూ ఏడ్చాను. 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. అదీ జనమే కదా. రాయి విసిరిన ఊరూ అదే, పాట పాడిన ఊరూ అదే.

సినిమా చూసిన మర్నాడు సాయంత్రం గన్‌ఫౌండ్రీ మీదుగా వస్తుంటే సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ గంటలు మోగాయి. ఇటలీ నుంచి తెప్పించిన గంటలవి. ఫిరంగులు పోత పోయడానికి ఫ్రెంచివాడు రేమండ్ 1786లో కట్టించిన కార్ఖానా పేరే ఆ పేటకు మిగిలింది, పాతవాళ్లకు ఇప్పటికీ అది తోప్ కా సాంచా. బస్సుల హారన్ల మధ్య గంట వినబడీ వినబడనట్టు ఉంది. ఎన్నేళ్లు ఆ దారిన నడిచాను, ఆ తాడు లాగే మనిషి ఎవరో ఏనాడూ చూడలేదు. అక్కడి నుంచి ఆబిడ్స్‌లోకి తిరిగి ఆ బట్టల దుకాణం ఉన్న చోట కాసేపు నిలబడ్డాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఆ రాత్రి పాపకు జోకర్ సంగతి చెప్పాను. పిన్నీసు, ముక్కు, మక్క బెండు, సలాం, నా నవ్వు, అన్నీ. ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అది ఏమీ అడగలేదు. లేచి వెళ్లి బొమ్మల పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టుకుంది, గీకిన ముఖాలన్నీ దాటేసి జాతర పేజీ తెరిచింది.

“ఇందులో నువ్వెవరు?” అంది.

కళ్లజోడు పెట్టుకుని వెతికాను. రెండో వరసలో, లావాటి రొట్టెలవాడి మోచేతి కింద, తలకు నీలం గుడ్డ కట్టుకున్న పిల్ల ఒకతి ఉంది. చేతిలో ఏమీ లేదు. నోరు మాత్రం బారెడు తెరిచి నవ్వుతోంది. దాని మీద వేలు పెట్టాను. పాప పుస్తకం దీపం దగ్గరికి జరుపుకుని ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.